హనుమంతప్ప ఫోనమ్మతో చెప్పుకున్న మాట

ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు మొన్న రాయదుర్గంలో మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగుతూ ఒకమ్మాయి అడిగింది: ‘మేడం, మాకు ఫోన్లలో ఏఐ సహాయకుణ్ణి ఇచ్చినారు కదా, దాని మాట ఎంతవరకు నమ్మొచ్చు?’ రెండో అమ్మాయి ఇంకా సూటిగా అడిగింది: ‘అది వచ్చినాక మాతో పనేముంటాది మేడం?’

ఆ పూట నోటికొచ్చింది ఏదో చెప్పి పంపాను గానీ, ఆ జవాబు నాకే తృప్తిగా లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నేను గుమ్మఘట్ట మండలంలో ఆరోగ్య సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. నా బదిలీల గురించీ ఇంక్రిమెంట్ల గురించీ రాస్తే మా ఇంట్లోవాళ్ళే చదవరు, వాటిని వదిలేస్తాను. ఉద్యోగం చివర్లో, ఆ సహాయకుణ్ణి మా సిబ్బందికి అలవాటు చేసే పని నా మీద పడింది. అప్పుడు జరిగింది చెబుతాను. ముఖ్యంగా హనుమంతప్ప అనే గొర్రెల కాపరి సంగతి.

మీటింగులో అసలు ప్రశ్న

మా ఆరోగ్య కేంద్రం డాక్టరు కిరణ్ గారిది గుంటూరు వైపు. వయసులో నాకంటే చాలా చిన్న. రోగులతో ఓపిగ్గా మాట్లాడతారు, తెలియనిది తెలియదని ఒప్పుకుంటారు. నేను చూసిన పై అధికారుల్లో ఈ రెండో గుణం ఉన్నవాళ్ళు తక్కువ. ఆయనతో చిక్కల్లా ఒకటే. మంచి వస్తువు ఏది కనిపించినా మర్నాటికల్లా అది అందరి చేతుల్లో ఉండాలంటారు.

నెలవారీ మీటింగులో ఆయన యాప్ తెరిచి, ‘జ్వరం వచ్చిన బిడ్డకు ముందుగా ఏం చేయాలి?’ అని అడిగారు. ఫోన్లోంచి ఒక ఆడగొంతు చక్కగా జవాబు చెప్పింది. అందరూ బాగుందన్నారు. అప్పుడు మా అంగన్‌వాడీ టీచరు రత్నమ్మ ఫోను తీసుకుంది. సర్వీసులో మా అందరికంటే పెద్దది, దేన్నీ ఊరికే ఒప్పుకునే మనిషి కాదు.

‘బిడ్డ ఒళ్ళు కాగుతాండాది, ఏం జెయ్యల్ల?’ అని అడిగింది.

‘బిడ్డకు ఇచ్చే పాలు బాగా కాగిన తర్వాత, గోరువెచ్చగా చల్లార్చి పట్టండి’ అంది ఫోను.

రత్నమ్మ దాన్ని బల్ల మీద పెట్టేసింది. ‘దీనికి సారు మాట వస్తాది గానీ మన మాట రాదప్పా. ఈ ఫోనమ్మ యాడో కృష్ణా నది కాడ పుట్టినట్టుండాది.’

డాక్టరు గారితో సహా అందరం నవ్వాం. ఆ రోజు నుంచి దాని పేరు ఫోనమ్మ. నవ్వులు సద్దుమణిగాక రత్నమ్మ ఇంకో మాట అడిగింది.

‘సార్, మేము దీన్ని అడిగేటివన్నీ పైకి పోతాయా? ఇన్నేండ్ల సర్వీసు పెట్టుకొని ఇది కూడా తెల్దా అని రేపు నాకు మెమో ఇస్తే?’

అక్కడున్న ప్రతి ఒక్కరి మనసులో ఉన్నది అదే. కొత్త యంత్రం వచ్చినప్పుడు మనవాళ్ళు యంత్రాన్ని చూసి భయపడరు, దాని వెనక నిలబడి ఎవరు చూస్తున్నారోనని భయపడతారు. మాకిచ్చిన నలభై పేజీల శిక్షణ పుస్తకంలో ఈ సంగతి ఒక్క ముక్క లేదు.

డాక్టరు గారు, ‘నాకు తెలియదు రత్నమ్మగారూ, కనుక్కుని చెబుతాను’ అన్నారు. నిజంగానే యాప్ నడిపేవాళ్ళను అడిగి కనుక్కున్నారు. మాట్లాడింది ఆ ఫోన్లో ఉంటుంది, కావాలంటే చెరిపేయొచ్చు. నడిపేవాళ్ళ దగ్గర పేర్లు లేకుండా కొన్నాళ్ళు ఉంటుంది. అధికారులకు వెళ్ళదు. ఈ మూడు ముక్కలు తెలిశాకే మావాళ్ళు ఫోను ముట్టుకున్నారు.

బోరులో నీళ్ళు పడ్డ సంగతి

మొదటి వారాల్లో మాకు బాగానే కాలక్షేపమైంది. బరువు తక్కువున్న ఒక పాప గురించి రత్నమ్మ అడిగితే, ఆలివ్ నూనె, చీజు, బ్రకోలీ పెట్టమంది. రత్నమ్మ దానికి పాఠం చెప్పింది: ‘మాది వానల్లేని సీమ. రాగులుండాయి, చెనిక్కాయలుండాయి, బెల్లముండాది, సెంటర్లో గుడ్డు ఇస్తాము. వీటితో సెప్పు.’ ఈసారి రాగి జావలో వేరుశనగ పొడి కలపడం దగ్గర్నుంచి రోజుకు ఎన్నిసార్లు పెట్టాలో కూడా చెప్పింది. ‘ఇప్పుడు దావకొచ్చినాది’ అంది రత్నమ్మ. మనం ఎక్కడున్నామో, మన దగ్గర ఏముందో చెప్పకుండా అడిగితే దానికి మాత్రం ఏం తెలుస్తుంది?

మా ఏఎన్‌ఎం నర్సు వసంతకు మాత్రం మొదటి రోజు నుంచే ఫోనమ్మంటే ఇష్టం. చురుకైన పిల్ల, ఇంటింటికీ తిరగడంలో అలుపెరగదు, కొంచెం తొందర ఎక్కువ. మాది కర్ణాటక సరిహద్దు. సగం ఊళ్ళలో కన్నడం, తెలుగు కలిపి మాట్లాడతారు. ఒకనాడు ఒక ముసలాయన కడుపు పట్టుకుని వసంతతో, ‘హొట్టె ఉరి కణమ్మా’ అన్నాడు. కడుపులో మంట అని ఆయన బాధ. కన్నడంలో ఆ మాటకు అసూయ అనే అర్థం కూడా ఉంది. వసంత ఆయన మాటే ఫోనుకు వినిపించి, జవాబు తాను చదవకుండానే గట్టిగా పెట్టింది.

‘ఇతరుల అభివృద్ధిని చూసినప్పుడు అసూయ కలగడం సహజం. వారిని మనస్ఫూర్తిగా అభినందించే ప్రయత్నం చేయండి’ అంది ఫోనమ్మ.

ముసలాయన తెల్లబోయాడు. కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు: ‘మా పక్కింటోని బోరులో నీళ్ళు పడినాయని దీనికెవురు సెప్పినారు?’

ఆయన్ని డాక్టరు గారికి చూపించి, కడుపు మంటకు మందిప్పించాం. ఇది చెప్పి ఇప్పటికీ నవ్వుకుంటాం గానీ, ఆ రోజే ఒక నియమం పెట్టుకున్నాం. ఫోనమ్మ చెప్పింది ముందు మనం చదవాలి, మనకు సరి అనిపిస్తేనే మన నోటితో రోగికి చెప్పాలి. ఆవిడ గొంతు నేరుగా రోగి చెవిలో పడకూడదు. ఆ నియమాన్ని కావాలని తప్పింది ఒక్కసారే, హనుమంతప్ప విషయంలో.

రొప్పం దగ్గర

హనుమంతప్ప యాభై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచీ గొర్రెలే లోకం. దగ్గు తగ్గక మా దగ్గరికొస్తే పరీక్షలో క్షయ అని తేలింది. క్షయకు నెలల తరబడి రోజూ మాత్రలు మింగాలి. మధ్యలో మానేస్తే రోగం తిరగబెడుతుంది, ఇంట్లోవాళ్ళకు అంటుకుంటుంది, ఒక్కోసారి ఆ మందులకు లొంగని రకంగా మారుతుంది. వసంత తరచూ ఫోన్ చేసి అడిగేది. ‘మింగుతాండా తల్లీ’ అనేవాడు. తగ్గిన దగ్గు మళ్ళీ మొదలైందని మాకు తెలియలేదు.

తెలిసింది ఆయన భార్య గంగమ్మ వల్ల. మనవరాలికి గుడ్డు తీసుకోవడానికి అంగన్‌వాడీకి వచ్చి రత్నమ్మతో చెప్పిందట: ‘మా ఆయన మాత్రలు ముట్టడం మానేసినాడు. ఎందుకని అడిగితే మింద పడి అరుస్తాండాడు. ఇంకో వారానికి గొర్లు తోలుకోని కాలువ కిందికి పోతాడు.’

మా వైపు మేత అయిపోయాక కాపరులు మందల్ని బళ్ళారి పక్క కాలువల కిందికి తోలుకుపోతారు. వెళ్తే నెలల తర్వాతే తిరిగి రావడం. మాత్రలు మానేసిన మనిషి ఆ దగ్గుతో అలా వెళ్ళిపోతే మళ్ళీ చూస్తామన్న నమ్మకం లేదు. ఇంట్లో చూస్తే చంటి మనవరాలు.

వసంతా నేనూ వెళ్ళేసరికి ఆయన ఊరి బయట రొప్పం దగ్గర ఉన్నాడు. ముళ్ళకంప చుట్టూ వేసి కట్టే గొర్రెల దొడ్డిని మా వైపు రొప్పం అంటారు. గంగమ్మ కూడా మా వెనకే వచ్చింది. మనిషి బాగా చిక్కిపోయాడు.

‘ఏమప్పా హనుమంతప్పా, మాత్రలు ఎందుకు మానేసినావు?’ అన్నాను.

‘మానలేదమ్మా.’

‘మరి ఈ దగ్గు యాడ నుంచి వచ్చినాది?’

‘గాలికి.’

బతిమాలాను, కోప్పడ్డాను, మనవరాలి పేరెత్తాను. చిన్నబిడ్డ మాట వచ్చేసరికి ఆయన నోరు తెరిచాడు. నా వైపు చూశాడు, వసంత వైపు చూశాడు, గంగమ్మ వైపు చూశాడు. మళ్ళీ నోరు మూసేశాడు. చెప్పేది ఏదో ఉంది, ముగ్గురు ఆడవాళ్ళ ముందు అది బయటికి రావడం లేదు. మా మగ ఆరోగ్య కార్యకర్త సెలవులో ఉన్నాడు.

వసంత సంచిలోంచి ఫోను తీసింది. ‘మామా, మాకు సెప్పలేకుంటే దీనికి సెప్పు. ఇది మనిషి కాదు, దీని ముందర సిగ్గు పడే పనిలేదు.’

ఆయన ఫోను పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ‘ఇది ఎవురికి సెప్తాది?’

రత్నమ్మ అడిగిన ప్రశ్నే. ఈసారి నా దగ్గర జవాబుంది. ‘నువ్వు మాట్లాడింది మేము సూడము. మా డాక్టరు సారు సూడడు. దీన్ని నడిపేటోళ్ళ కాడ నీ పేరు లేకుండా కొన్నాళ్ళు ఉంటాది. నాకు తెలిసింది అంతే.’

‘పేరుండినా ఏంకాదులే. ఊరికి పదిమంది హనుమంతప్పలు ఉండాము’ అన్నాడు. ఎలా మాట్లాడాలో వసంత చూపించింది. ఆయన ఫోను పట్టుకుని రొప్పం అవతలి పక్కకు వెళ్ళిపోయాడు.

మేము కంప ఇవతల నిలబడ్డాం. మొదట ఏమీ వినిపించలేదు. తర్వాత ఒక్క మాట మాత్రం గట్టిగా వినిపించింది: ‘గొర్రెకు కాదమ్మా. నాకు, నాకు.’ వసంత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత గొంతు తగ్గింది, గొణుగుడు మాత్రం ఆగలేదు.

‘ఏం సెప్పుకుంటాండాడో దానికి’ అంది గంగమ్మ. ‘నాతో ఇన్ని మాటలాడి ఎన్నాళ్ళయిందో.’

వచ్చాక ఫోనును వసంతకు బోర్లించి ఇచ్చాడు. ‘ఇది నన్ను మీకే సెప్పమంటాది’ అన్నాడు, కాస్త మోసపోయినట్టుగా. తర్వాత గొర్రెల వైపు తిరిగి, వాటితో అంటున్నట్టు చెప్పాడు. మాత్రలు మొదలైనప్పటి నుంచి మూత్రం ఎర్రగా పోతోందట. రక్తమనుకున్నాడు. పడుచు వయసులో ఆయనతో కాలువల కిందికి వచ్చిన ఒకతనికి చెడు తిరుగుళ్ళ వల్ల రోగమొచ్చి ఇలాగే పోయేదట, ఊరంతా అతని గురించి ఎలా చెప్పుకున్నారో ఈయనకు గుర్తు. మాత్రలు మానేసి చూశాడు. ఎరుపు పోయింది. మాత్రలే లోపల ఏదో తెంపుతున్నాయని ఖాయం చేసుకున్నాడు.

‘అది ఏమన్నాది మామా?’ అని అడిగింది వసంత.

‘ఆ రంగు మాత్రదే అన్నాది. అయితే కండ్లు పచ్చగైనాయా, వాంతులైనాయా అని అడిగినాది. నీ కండ్లు నేను సూడలేను, ఈ పొద్దే నర్సుకు సూపించు, మాత్రలు మానేసిన సంగతి కూడా సెప్పు అన్నాది.’

వసంత ఆయన్ని ఎండకు తిప్పి, కంటి రెప్పలు కిందికి లాగి చూసింది. నాలుక చూసింది, గోళ్ళు చూసింది. పసుపు లేదు, మందు వల్ల కామెర్లు రాలేదు.

‘కుంకుమ నీళ్ళలో కలిపినట్టప్పా, అది ఆ మాత్ర రంగు. రగతం కాదు’ అన్నాను.

‘మరి ముందే ఎందుకు సెప్పలేదు?’

‘సెప్పినాము మామా, మాత్రలిచ్చిన మొదటి రోజే’ అంది వసంత.

‘ఆ పొద్దు మా కోడలు పక్కనే నిలబడి ఉండె. నువ్వు ఆ మాట ఎత్తంగానే నేను ఇనడం మానేస్తి.’

గంగమ్మ నేల మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు తెలియలేదు. ‘దీనికా నన్ను అన్ని తిట్లు తిట్టింది? నేను నిన్ను ఏమనుకుంటాననుకున్న్యావు?’ అంది. ఆయన వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు.

డాక్టరు గారి కోరిక

మందల్ని బావమరిదికి అప్పగించి ముందు పంపి, హనుమంతప్ప ఆగాడు. కళ్లె పరీక్షకు పంపాం. మందులకు లొంగని రకంగా మారిందేమోనని ఫలితం వచ్చేదాకా నా ప్రాణం కుదుట పడలేదు. ఇంట్లోవాళ్ళందరికీ పరీక్షలు చేశాం. ఎవరికీ రోగం లేదు. మనవరాలికి ముందుజాగ్రత్త మందు మొదలుపెట్టాం.

జరిగింది విని డాక్టరు గారు కుర్చీలోంచి లేచారు. ‘ఇది అందరికీ తెలియాలి పద్మావతి గారూ. ఆ సంభాషణ తెరవండి, చూద్దాం. పేరు తీసేసి మీటింగులో చదివి వినిపిద్దాం.’

‘మేము చూడమని మాటిచ్చినాను సార్.’

‘వైద్యం కోసమే కదండీ.’

‘వైద్యానికి కావలసింది ఆయనే నోటితో చెప్పినాడు. దాంట్లో ఇంకేమి చెప్పుకున్నాడో. ఇంటి సంగతులు ఉండొచ్చు, ఇంకేవైనా ఉండొచ్చు.’

‘మీకు తెలుసుకోవాలని లేదా?’

‘ఉంది సార్. అందుకే తెరవొద్దంటున్నాను.’

నేను పనిచేసిన చోట్ల కొందరు అధికారులైతే ఆ మాటకు నన్ను ఎక్కడికో బదిలీ చేసేవాళ్ళు. కిరణ్ గారు వరండాలోకి వెళ్ళి, ఆ చివర నుంచి ఈ చివరకు కాసేపు నడిచారు. వచ్చి వసంత దగ్గర ఫోను అడిగి తీసుకున్నారు. మా ఇద్దరి ముందే, తెరవకుండా, ఆ సంభాషణను చెరిపేశారు.

‘ఇప్పుడు మీటింగులో నేనేం చెప్పాలి మరి?’ అన్నారు నవ్వుతూ.

చెప్పడానికి చాలానే దొరికింది. మాత్రలిచ్చే మొదటి రోజు రోగిని పక్కకు తీసుకెళ్ళి చెప్పాలి. మగవాళ్ళకు మగ కార్యకర్త చెప్పాలి. మూత్రం, వర్ణం లాంటి పుస్తకం మాటలు వద్దు, వాళ్ళింట్లో వాడే మాటలే వాడాలి. చెప్పాక, ఏం అర్థమైందో వాళ్ళ నోటితో తిరిగి చెప్పించుకోవాలి. ఇవన్నీ చేయడానికి ఏ ఫోనూ అక్కర్లేదు. కానీ ఇవి చేయడం లేదని మాకు తెలియజెప్పింది ఆ ఫోనే.

పరీక్ష ఫలితం వచ్చింది. పాత మందులే పనిచేస్తాయి. డాక్టరు గారు చికిత్స మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఆ రోజు హనుమంతప్ప వసంతను ఫోను అడిగి తీసుకుని మాట్లాడి చూశాడు. ఫోనమ్మ ఆయన్ని కొత్తవాణ్ణి పలకరించినట్టు పలకరించింది.

‘ఏంది, ఇది నన్ను ఎరగనట్టు మాట్లాడతాండాది?’

‘తుడిచేసినాము మామా. నువ్వు సెప్పింది ఏదీ దాంట్లో లేదు.’

ఆయన ఫోను తిరిగి ఇచ్చేస్తూ, ‘మంచిదే. నాకూ మర్చిపోవాలనే ఉండాది’ అన్నాడు.

ఆయన మంద దగ్గరికి వెళ్ళేముందు, బళ్ళారి వైపు ఆరోగ్య కేంద్రం నర్సుకు అన్ని వివరాలూ కన్నడంలో పంపాలి. వసంతకు కన్నడం మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ఫోనమ్మతో రాయించింది. రత్నమ్మ పుట్టినిల్లు కన్నడ సీమ, ఆమెకు చూపిస్తే, ‘ఇది మహారాజుకు రాసినట్టుండాది’ అని బరువు మాటలు తీసేయించింది. మందు పేరు, మోతాదు డాక్టరు గారు ఒకటికి రెండుసార్లు సరిచూశారు. ఆ సాయంత్రమే అవతలి నర్సు ఫోన్ చేసింది. నెలల పాటు ఆయన మాత్రలు ఆవిడ చేతి మీదుగానే అందాయి.

మీరడిగిన దానికి

అమ్మాయిలూ, ఎంతవరకు నమ్మొచ్చని అడిగారు. చురుకైన కొత్త ఉద్యోగిని ఎంత నమ్ముతారో అంత నమ్మండి. అది చాలా చదివింది, అలసిపోదు, విసుక్కోదు. మనిషికి చెప్పలేనిది కొందరు దానికి చెప్పుకుంటారు, అది చిన్న విషయం కాదు. కానీ మీ ఊరు దానికి తెలియదు. ముసలాయన కడుపు పట్టుకున్నాడా, గుండె పట్టుకున్నాడా అది చూడలేదు. తప్పు చెప్పేటప్పుడు కూడా దాని గొంతు అంతే నెమ్మదిగా, అంతే నమ్మకంగా ఉంటుంది. అదే దానిలో నాకు నచ్చనిది.

మీతో పనేముంటుందని కూడా అడిగారు. కళ్ళు చూపించమని అది చెప్పింది. ఎండకు తిప్పి చూసింది వసంత. రెండు పనులూ కావాలి. అయితే అది చూపించమన్నప్పుడు, చూడడానికి ఒక మనిషి అక్కడ నిలబడి ఉండాలి కదా.

మనిషి మనిషికి చెప్పే ఆ పని చివరికి ఎవరిదాకా వచ్చిందో చెప్పి ముగిస్తాను. నా రిటైర్మెంటుకు కొద్దిరోజుల ముందు హనుమంతప్ప ఆఖరి పరీక్షకు వచ్చాడు. ఒళ్ళు చేశాడు, బుగ్గలు పూడాయి. రోగం పూర్తిగా పోయిందని డాక్టరు గారు చెప్పారు. ఆ రోజే ఒక ట్రాక్టరు డ్రైవరుకు అవే మాత్రలు మొదలుపెడుతున్నాం. మా మగ కార్యకర్త అతన్ని పక్కకు పిలవబోతుంటే, బల్ల మీద కూర్చున్న హనుమంతప్ప అందుకున్నాడు.

‘ఏమప్పా, నీకూ ఆ మాత్రలేనా? రేపు పొద్దున నీకు ఎర్రగా పోతాది. బెదరొద్దు. నేను బెదరి మాత్రలు మానేసి సావు దాకా పోయొచ్చినా.’

వరుసలో టీకాల కోసం కూర్చున్న తల్లులందరూ తల తిప్పి చూశారు. డ్రైవరు సిగ్గుతో తల దించుకున్నాడు.

‘వాళ్ళను సూసి సిగ్గుపడతావేమి?’ అన్నాడు హనుమంతప్ప. ‘వాళ్ళు పొయ్యరా?’

ఒకామె పకపకా నవ్వింది. వరుసంతా అందుకుంది. చివరికి డ్రైవరు కూడా ఆపుకోలేక నవ్వాడు. వసంత గ్లాసుతో నీళ్ళిచ్చింది. అందరూ చూస్తుండగానే అతను మొదటి రోజు మాత్రలు మింగాడు.